రిజిస్టరులో ఒక్క సంతకం

శాసనసభలో ఆమెను అందరూ నర్సమ్మ అనే పిలిచేవారు. ఇష్టంగా పిలిచేవాళ్ళూ అలాగే, ఎగతాళిగా పిలిచేవాళ్ళూ అలాగే. ఇరవై ఏడేళ్ళు ప్రభుత్వాస్పత్రిలో నర్సుగా పనిచేసిన మనిషి. యాభై రెండో ఏట ఎన్నికల్లో నిలబడింది. నిలబడాలని ఆమె ఏనాడూ అనుకోలేదు. వార్డులో నలభై మంది రోగులకు ఒక్క నర్సును వేస్తే, ఇది కుదరదని కాగితం మీద రాసి పై అధికారికి పంపింది. జవాబుగా ఆమెను మూడుసార్లు బదిలీ చేశారు. మూడో ఉత్తర్వు చేతికొచ్చిన రోజున ఓ చిన్న పార్టీ వాళ్ళు ఇంటికొచ్చి, ఎలాగూ గెలవం గానీ మా తరఫున నిలబడతారా అని అడిగారు. ఆ ముక్కుసూటితనం నచ్చి ఒప్పుకుంది. తీరా చూస్తే నాలుగువందల పన్నెండు ఓట్ల తేడాతో గెలిచి కూర్చుంది. ఆమె చేతుల మీదుగా పుట్టినవాళ్ళు ఓటేసినా అంతకంటే ఎక్కువే రావాలి కదా అని ఊళ్ళో నవ్వుకున్నారు.

ఆ పార్టీకి సభలో మొత్తం ముగ్గురు. ఏడాది తిరక్కుండానే ఇద్దరు అధికారపక్షంలోకి దూకేశారు. మిగిలింది ఈమె ఒక్కతే. శాసనసభాపక్ష నాయకురాలూ ఈమే, విప్పూ ఈమే, ఆ విప్పు మాట జవదాటకుండా కూర్చోవలసిన సభ్యురాలూ ఈమే. చివరి వరుసలో స్తంభం పక్కన సీటు ఇచ్చారు. అక్కణ్ణుంచి చెయ్యెత్తితే సభాపతికి కనబడదు. అందుకని లేచి, రెండడుగులు పక్కకు జరిగి, అప్పుడు చెయ్యెత్తేది. మాట్లాడడానికి మూడు నిమిషాలు. మధ్యాహ్నం భోజనశాలలో సభ్యులు పార్టీల వారీగా బల్లల చుట్టూ చేరేవారు. ఆమె పార్టీకి ఒక్క కుర్చీ సరిపోయేది.

రాజధానిలో ఆమెకిచ్చిన క్వార్టర్సు మూడో అంతస్తులో రెండు గదులు. కిటికీ తెరిస్తే ఎదురుగా నీళ్ళ ట్యాంకు. పొద్దున్నే లేచి, ఆస్పత్రి మంచం సర్దినట్టు దుప్పటి మూలలు బిగించి మడిచేది. ఆ మంచం చూసి మెచ్చుకునే హెడ్ నర్సు లేదు, దాని మీద పడుకునే రోగీ లేడు. అలవాటు మాత్రం పోలేదు. సాయంత్రాలు ఎవరూ వచ్చేవారు కాదు. మొదట్లో ఎవరైనా వస్తారేమోనని నాలుగు కప్పులు కొంది. ఆర్నెల్లకు మూడింటిని కాగితంలో చుట్టి అలమారు పైకెక్కించింది.

తనవాళ్ళంటూ ఉన్నది ఊళ్ళో అక్క ఒక్కతే. అక్క పదేళ్ళు పెద్దది. తల్లిదండ్రులు పోయాక బట్టల కార్ఖానాలో చొక్కాలకు కాజాలు కుట్టి చెల్లెల్ని నర్సింగు చదివించింది. అక్కకు పెళ్ళయింది, మూడేళ్ళకే అదీ అయిపోయింది. ఆ సంగతి ఇద్దరిలో ఎవరూ ఎత్తేవారు కాదు. చెల్లెలికి అసలు కాలేదు. సంబంధాలు కుదరక కాదు, డ్యూటీలు కుదరక అని అక్క అందరితో చెప్పేది.

ఆరేళ్ళ కిందట అక్కకు కిడ్నీలు దెబ్బతిన్నాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటేనే మనిషి నిలుస్తుంది. ఊళ్ళో ఆస్పత్రి ఇంటికి పది నిమిషాల నడక. అక్కడ ఆరు మెషిన్లు ఉండేవి. సోమ, బుధ, శుక్రవారాలు అక్క తనంతట తనే నడిచి వెళ్ళి, ఎడమచేతి రక్తనాళానికి సూదులు గుచ్చించుకుని, నాలుగు గంటలు పడుకుని, మళ్ళీ తనంతట తనే నడిచి వచ్చేది. తోడు వస్తానంటే కసిరేది.

నర్సమ్మ సభకు వెళ్ళిన రెండో ఏడు ప్రభుత్వం ఆరోగ్యశాఖ ఖర్చు తగ్గించింది. తగ్గించడం అనలేదు, సేవల క్రమబద్ధీకరణ అంది. చిన్న ఆస్పత్రుల్లో కొన్ని విభాగాలు మూసేసి పెద్దాస్పత్రులకు తరలించారు. ఓ చోట కాన్పుల ఆపరేషన్లు పోయాయి, ఓ చోట పిల్లల వార్డు పోయింది. ఆమె ఊళ్ళో ఆరు డయాలసిస్ మెషిన్లనూ ఒకే రోజున లారీలోకి ఎక్కించి తీసుకుపోయారు. ఇక వైద్యం తొంభై రెండు కిలోమీటర్ల అవతల.

రోగుల కోసం ఓ వ్యాను పెట్టారు. తొమ్మిది మంది. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరితే ఏడున్నరకు చేరేది. మెషిను ఖాళీ అయ్యేదాకా బెంచీల మీద కూర్చోవాలి. మళ్ళీ ఇల్లు చేరేసరికి సాయంత్రం ఐదు దాటేది. డయాలసిస్ అయిన మనిషికి రక్తపోటు పడిపోతుంది, కాసేపు నడుం వాల్చాలనిపిస్తుంది. ఆ వ్యానులో నడుం వాల్చే చోటు లేదు. కుదిరినప్పుడల్లా నర్సమ్మ అక్కతో వెళ్ళేది. తిరుగు ప్రయాణంలో అక్క తల తన భుజం మీద ఆనించుకుని, ఎవరూ చూడకుండా మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెట్టేది.

ఈ విషయం సభలో లేవనెత్తుతానని చెప్పినప్పుడు అక్క కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"లేవనెత్తు. నా మాట మాత్రం ఎత్తావంటే ఇక నా గడప తొక్కొద్దు."

"పేరు చెప్పనక్కా. ఓ రోగి అంటాను, అంతే."

"ఓ రోగి అంటే ఎవరో ఈ ఊరికి తెలీదా? కాజాలు కుట్టి నిన్ను చదివించాను. ఒకళ్ళ జాలి ఎరగను. ఇప్పుడు నా చెయ్యి ఊరందరికీ చూపించి ఓట్లడుగుతావా?"

"ఓట్ల కోసమా?"

"నువ్వు అందుకు కాకపోవచ్చు. వినేవాళ్ళు అదే అనుకుంటారు. మాటియ్యి."

ఇచ్చింది.

వ్యానులో మిగతా ఎనిమిది మందినీ అడిగి చూసింది. మీ పేరు సభలో చెప్పొచ్చా అని. ఎవరూ ఒప్పుకోలేదు. పెద్దాస్పత్రిలో మన వంతు వెనక్కి నెడితే ఎవరిని అడుగుతాం తల్లీ అన్నాడు అందులో పెద్దాయన. ఆయన భయం ఆమెకు తెలియంది కాదు. ఆస్పత్రి లోపలి మనిషే కదా.

చర్చ రోజున తన మూడు నిమిషాల్లో మూతబడ్డ విభాగాల జాబితా చదివింది, ఎక్కణ్ణుంచి ఎక్కడికి ఎంత దూరమో చెప్పింది. ఆరోగ్యమంత్రి జవాబివ్వడానికి లేచాడు. పూర్వాశ్రమంలో వకీలు. గొంతు ఎప్పుడూ పెంచడు.

"గౌరవ సభ్యురాలు దూరాలు కొలిచి చెప్పారు, సంతోషం. ఈ మార్పు వల్ల కష్టపడ్డ ఒక్క మనిషిని చూపించమనండి అధ్యక్షా. ఒక్క పేరు. రేపే నేను వాళ్ళింటికి వెళ్తాను."

సభ మొత్తం వెనక్కి తిరిగి స్తంభం వైపు చూసింది. ఆమె లేచి రెండడుగులు పక్కకు జరిగింది. పేరు నాలుక చివరిదాకా వచ్చింది. అటూ ఇటూ చూసి కూర్చుంది. ఎవరో ఫక్కున నవ్వారు. మర్నాడు ఓ పత్రిక "నీళ్ళు నమిలిన నర్సమ్మ" అని శీర్షిక పెట్టింది. ఆ పత్రిక ఊళ్ళో అక్క కూడా చదువుతుంది. ఆ సాయంత్రం ఫోను చేసి, తిన్నావా అని మాత్రం అడిగింది. తిన్నానంది చెల్లెలు.

తర్వాత ఆమె ఓ బిల్లు రాసింది. దాదాపు సొంతంగానే రాసింది. పార్టీలో చట్టం తెలిసినవాళ్ళు ఎవరూ మిగల్లేదు. ప్రభుత్వాస్పత్రిలో ఏ విభాగం మూయాలన్నా ముందు ఆ ఊళ్ళో బహిరంగ విచారణ జరపాలి. ముప్పై కిలోమీటర్ల లోపు అదే సేవ ఉంటే తప్ప మూయకూడదు. సారాంశం అంతే. నాలుగు పేజీలు. ప్రభుత్వం దాన్ని తిరస్కరించలేదు. తిరస్కరిస్తే జనం అడుగుతారు. మరింత లోతుగా పరిశీలించాలంటూ తొమ్మిది మంది సభ్యుల కమిటీకి పంపింది. ఆ తొమ్మిదిలో ఎనిమిది మంది అటువైపు వాళ్ళే.

పదిహేను రోజులకోసారి, మంగళవారం పదకొండింటికి కమిటీ సమావేశం. సోమవారం అక్కతో వ్యానులో వెళ్ళొచ్చి, సాయంత్రం బస్సెక్కి, పొద్దున రాజధానిలో దిగి, మొహం కడుక్కుని ఆమె పదింటికల్లా హాజరయ్యేది. రెండో అంతస్తు చివర పొడుగాటి గది. కమిటీ గుమాస్తా ఒకాయన ఉండేవాడు. రిటైరవడానికి ఏడాదిన్నర ఉంది. తొమ్మిది చోట్ల తొమ్మిది గ్లాసుల్లో నీళ్ళు పోసి, తొమ్మిది కాగితాల కట్టలు, తొమ్మిది పెన్సిళ్ళు పెట్టేవాడు. నలుగురుంటేనే సమావేశం సాగుతుంది. పదకొండున్నర దాకా చూసి, కోరం లేక వాయిదా అని రిజిస్టరులో రాసేవాడు. ఆమె సంతకం చేసేది. ఆయన ఎనిమిది గ్లాసుల నీళ్ళు తిరిగి కూజాలో పోసేవాడు.

కమిటీ అధ్యక్షుడు కూడా వచ్చేవాడు కాదు. తన నియోజకవర్గంలో పనులున్నాయని ఓసారి, వంట్లో బాగాలేదని ఓసారి కబురు పంపాడు. ఆ తర్వాత కబురు పంపడం కూడా మానేశాడు. మంత్రి కార్యాలయం చుట్టూ ఆమె కాళ్ళరిగేలా తిరిగింది. కమిటీ పరిశీలనలో ఉన్నదాని గురించి మేం మాట్లాడకూడదండీ అని అక్కడివాళ్ళు ఎంతో మర్యాదగా చెప్పేవారు.

మొదట్లో ఆమె ఎదుట గుమాస్తా కూర్చునేవాడు కాదు. ఏడో మంగళవారం, కాళ్ళు నొప్పెడతాయి కూర్చోండి అంటే కూర్చున్నాడు. ఆ తర్వాత ఇద్దరూ బల్లకు చెరోవైపు కూర్చుని గడియారం చూసేవారు. పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. తన కోడలికి రెండో కాన్పు అని ఓసారి చెప్పాడు. ఎన్నో నెల అని ఆమె అడిగింది, కాళ్ళు వాస్తున్నాయేమో చూస్తుండమంది. వారానికొక్కసారైనా ఒక మనిషితో బల్ల దగ్గర కూర్చునేది లేకుండా పోయిన ఆమెకు ఆ అరగంటే పెద్ద సందడి.

పంతొమ్మిదో సమావేశం కూడా అలాగే అయ్యాక ఆయన రిజిస్టరు మూయకుండా దాని మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"కోరం లేకపోయినా మినిట్స్ రాస్తానమ్మా. రాసింది సభకు చెందుతుంది. సభ్యులెవరైనా నకలు అడగొచ్చు, సభలో చదవొచ్చు. నా సర్వీసులో ఎవరూ అడగలేదు."

ఆమె ఆయన మొహంలోకి చూసింది. "మీకు ఇబ్బంది రాదా?"

"రాయడం నా ఉద్యోగం. చదవడం మీ ఉద్యోగం."

మరుసటి వారం సభలో తన మూడు నిమిషాలకు లేచింది. ఉపన్యాసం ఏమీ చెయ్యలేదు. నకలు తీసి చదవడం మొదలుపెట్టింది. తేదీ. సమయం పదకొండు గంటలు. హాజరైన సభ్యులు ఒకరు. ముప్పై నిమిషాలు వేచిచూసిన మీదట కోరం లేక వాయిదా. మళ్ళీ తేదీ. హాజరైన సభ్యులు ఒకరు. మూడోది చదువుతుండగా ముందు వరుసల్లో నవ్వులు లేచాయి. ఆరోది, ఏడోది. ఆమె గొంతు వార్డులో మందుల చీటీ చదివినట్టు ఉంది, ఎత్తూ లేదు, పల్లమూ లేదు. పదోదానికి నవ్వులు ఆగిపోయాయి. పద్నాలుగోది చదువుతుంటే మూడు నిమిషాలు అయిపోయాయి. సభాపతి గంట మీద చెయ్యి వేసి, ఎందుకో కొట్టకుండానే తీసేశాడు. పంతొమ్మిదీ చదివి, కాగితాలు మడిచి కూర్చుంది. రానివాళ్ళ పేర్లు చదవలేదు. అవసరం కూడా లేకపోయింది; ఆ ఎనిమిది మంది ఎటు చూడాలో తెలియక బల్లల వైపు చూస్తున్నారు.

అంతటితో ఏదో అద్భుతం జరిగిందనుకుంటే పొరపాటే. తర్వాతి సమావేశానికి ఇద్దరు వచ్చారు, ఆ తర్వాత ముగ్గురు. నలుగురు మాత్రం ఎప్పుడూ కాలేదు. అయితే చిన్న పత్రికలు ఎనిమిది పేర్లూ వేశాయి. వాళ్ళ వాళ్ళ ఊళ్ళలో మంగలి దుకాణాల్లో, బస్టాండుల్లో జనం మంగళవారాలు ఏం చేస్తుంటారు సార్ అని అడగడం మొదలుపెట్టారు. నెలకు మంత్రి ఆమెను తన గదికి పిలిపించాడు. తనే టీ పోసి కప్పు ఆమె ముందు పెట్టాడు.

"మీ బిల్లు ఉపసంహరించుకోండి. ఇంచుమించు అదే మేం ప్రభుత్వం తరఫున తెస్తాం."

"ఎప్పుడు?"

"వచ్చే సమావేశాల్లో."

"రాసివ్వండి."

"ఇలాంటివి రాసివ్వరమ్మా. మీరు మమ్మల్ని నమ్మాలి."

ఆలోచించుకుంటానని లేచొచ్చింది. సలహా అడగడానికి ఎవరున్నారు? శుక్రవారం వ్యానులో అక్క చెవిలో చెప్పింది. ఉపసంహరిస్తే తన పేరుండదు, వాళ్ళు తేకపోతే రెంటికీ చెడినట్టవుతుంది. అక్క కళ్ళు తెరవకుండానే విన్నది.

"బిల్లు మీద నీ పేరుంటే నా రక్తం ఇంకాస్త శుభ్రపడుతుందా?"

సోమవారం ఉపసంహరణ పత్రం ఇచ్చేసింది.

ఆ సాయంత్రమే పార్టీ అధ్యక్షుడు ఫోను చేసి, అటు దూకడానికి ముహూర్తం పెట్టుకున్నావా అని నిలదీశాడు. లేదంటే నమ్మలేదు. పెద్ద ప్రతిపక్షం వాళ్ళు నడవాలో ఎదురైతే మాటలాపేసి పక్కకు తప్పుకునేవారు. మంత్రి గదిలో టీ తాగిందన్న సంగతి గోడలకు కూడా తెలిసిపోయింది. కమిటీ రద్దయింది. గుమాస్తాను వేరే విభాగానికి మార్చారు. ఓ మంగళవారం అలవాటుగా రెండో అంతస్తు చివరిదాకా నడిచివెళ్ళింది. తలుపుకు తాళం. అక్కడే కాసేపు నిలబడి, ఎవరైనా చూస్తే బాగుండదని మెట్లు దిగింది.

వచ్చే సమావేశాలు వచ్చాయి, వెళ్ళాయి. బిల్లు రాలేదు. మూడుసార్లు ప్రశ్న వేసింది, మూడుసార్లూ పరిశీలనలో ఉందన్న జవాబే వచ్చింది. మోసపోయానని ఆమె తేల్చుకుంది. అక్కతో మాత్రం అనలేదు. అక్కకు అప్పటికే నడక తగ్గింది. వ్యాను మెట్టు ఎక్కడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చేది. కసరడం కూడా మానేసింది. అదే చెల్లెల్ని ఎక్కువ భయపెట్టింది.

ఓ శుక్రవారం పెద్దాస్పత్రిలో, మెషిను పక్కన స్టూలు మీద కూర్చుని ఉండగా ఫోను మోగింది. గుమాస్తా.

"పాసయిందమ్మా. ఇప్పుడే. పదకొండు నిమిషాలు పట్టింది."

ఆమెకు ఓ క్షణం అర్థం కాలేదు. ఆ రోజు కార్యక్రమాల పట్టికలో అది లేదు. ఆఖరి నిమిషంలో అదనపు అంశంగా పెట్టారట. ఎవరు మాట్లాడారని అడిగింది. ఎవరూ లేవలేదన్నాడు. ముప్పై కిలోమీటర్లు ఉంచారా అంది.

"యాభై చేశారు. బహిరంగ విచారణ మాత్రం మీరు రాసిన మాటలే, మార్చలేదు. ఇప్పటికే మూసినవాటికీ వర్తిస్తుంది. ఇక్కడ ఎవరూ మీ పేరు అనలేదు. అందుకే చెబుదామని ఫోను చేశాను."

కృతజ్ఞతలు చెప్పి, కోడలు ఎలా ఉందని అడిగింది. ఆడపిల్ల పుట్టిందన్నాడు. ఫోను పెట్టేసి అక్క వైపు వంగి చెప్పింది. అక్క మెషిను మీద తిరుగుతున్న చక్రాన్నే చూస్తూ, యాభైకి మన ఊరు వస్తుందా అని అడిగింది. వస్తుందంది చెల్లెలు.

"అయితే కాసేపు పడుకోనీ."

అక్క పడుకుంది. నర్సమ్మ నడవాలోకి వెళ్ళి గోడకానుకుని నిలబడింది. ఈ మాట విని ఎగిరి గంతేసేవాళ్ళు ఎవరైనా ఉంటారా అని ఫోనులో పేర్లు కిందికీ పైకీ జరిపింది. తర్వాత ఫోను సంచిలో వేసి, అక్క తాగాల్సిన నీళ్ళు కొలిచి తేవడానికి వెళ్ళింది.

ఐదు నెలలకు ఊరి ఆస్పత్రికి మెషిన్లు వచ్చాయి. ఆరు పోతే మూడు వచ్చాయి. మొదటిరోజు అక్క చెల్లెలి చెయ్యి పట్టుకుని నడిచే వెళ్ళింది. పది నిమిషాల దారి అరగంట పట్టింది. అలా తొమ్మిది వారాలు. ఓ ఆదివారం పొద్దున, వెలుతురు కోసం కిటికీ దగ్గర కూర్చుని పాత చొక్కాకు గుండీ కుడుతూ పోయింది. వంటింట్లోంచి చెల్లెలు పిలిస్తే పలకలేదు. వచ్చి చూసి, అలవాటు కొద్దీ ముందు మణికట్టు పట్టుకుంది. చాలాసేపు వదల్లేదు.

తర్వాతి సమావేశాల్లో మంత్రి నడవాలో ఆగి పరామర్శించాడు. అక్కగారి సంగతి ఆనాడే చెప్పి ఉంటే బాగుండేది కదా అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నట్టున్నాడు.

"మాటిచ్చానండి" అంది ఆమె.

ఆయన తలూపి వెళ్ళిపోయాడు.

మిగిలిన పదవీకాలం ఆమె అదే స్తంభం పక్కన గడిపింది. పార్టీ మళ్ళీ టిక్కెట్టు ఇవ్వలేదు, ఆమె అడగనూ లేదు. క్వార్టర్సు ఖాళీ చేసిన రోజున సామానంతా రెండు పెట్టెల్లోకి వచ్చింది. ఊళ్ళో అక్క ఇంట్లోనే ఉంటోంది. పొద్దున ఆస్పత్రికి వెళ్ళి, కొత్తగా చేరిన పిల్లలకు సూది గుచ్చడం చూపించి వస్తుంది. సాయంత్రాలు తలుపు దగ్గర కూర్చుంటుంది. దారిన పోయేవాళ్ళు బాగున్నారా అంటారు, బాగున్నాను అంటుంది.

కిందటేడు పక్క జిల్లాలో ఓ ఆస్పత్రిలో పిల్లల వార్డు మూస్తామన్నారు. చట్టం ప్రకారం బహిరంగ విచారణ పెట్టారు. అదే మొదటిది. పత్రికలో చూసి బస్సెక్కి వెళ్ళింది. బడి హాల్లో నూటయాభై మంది దాకా చేరారు. బల్ల దగ్గర కూర్చున్న అమ్మాయి ఆమెను గుర్తుపట్టలేదు. ఫారం నింపమని, ముప్పై ఒకటో నంబరు చీటీ ఇచ్చింది. ఆమె వెనక బెంచీలో కూర్చుని ముప్పై మంది చెప్పిందీ విన్నది. పాలవాడు మాట్లాడాడు. ఇద్దరు టీచర్లు మాట్లాడారు. ఒకామె చంకలో బిడ్డతో వచ్చి, ఒక్క మాటా చెప్పలేక ఏడ్చి వెళ్ళింది. అధికారి అన్నీ రాసుకుంటున్నాడు. నిర్ణయం మూడు వారాల్లో చెప్తామన్నారు.

ముప్పై ఒకటి అని పిలిచారు. ఆమె లేచి, బెంచీల మధ్యనుంచి ముందుకు నడిచింది.